వరుస గర్భస్రావాలు – వైద్యం, ఆదరణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రెండు మూడు గర్భాలు వరుసగా పోయిన స్త్రీ వైద్యసహాయం కోరి వచ్చినప్పుడు ఆమెకు లభించినదేమిటి? ఈ ప్రశ్నను ఆధారంగా చేసుకొని వరుస గర్భస్రావాల వైద్యచరిత్రను, ముఖ్యంగా 1938 తరువాతి ఎనిమిది దశాబ్దాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తరువాతి గర్భం నిలిచే అవకాశాన్ని తక్కువగా చూపిన ఒక గణన వల్ల పనిచేయని చికిత్సలు కూడా పనిచేసినట్లు కనిపించాయని, స్త్రీకి నిజంగా అందిన ఆదరణను మాత్రం చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాల దృష్టి, బొంబాయిలో రూపొంది మద్రాసు పత్రికలో వెలుగుచూసిన శస్త్రచికిత్స, తెలుగు వాడుకలోని మాటలు, ఆచారాలు ఇందులో ప్రస్తావనకు వస్తాయి.

కీలకపదాలు: గర్భస్రావం, గర్భపాతం, సౌమనస్యం, డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్, శిరోద్కర్ కుట్టు, ఆదరణ, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

గర్భం ఒకసారి పోతే దానిని దురదృష్టమని అంటారు. రెండోసారి పోతే అనుమానం మొదలవుతుంది. మూడోసారి పోయేసరికి ఆ స్త్రీ ఒక సమస్యగా మారుతుంది. ఇంటివారు ఒక కారణం చెబుతారు, ఇరుగుపొరుగు మరొకటి చెబుతారు, వైద్యుడు ఇంకొకటి చెబుతాడు. వరుస గర్భస్రావం అనే వైద్య నిర్వచనం కూడా ఈ లెక్క మీదనే నిలబడింది. వరుసగా మూడు గర్భాలు పోతేనే పరీక్షలు చేయాలన్నది ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం సాగిన పద్ధతి. ఐరోపా సంతానవైద్య సంఘం 2017లో వెలువరించిన మార్గదర్శకాలలో ఆ సంఖ్యను రెండుకు తగ్గించింది. ఎన్ని గర్భాలు పోయాక స్త్రీకి సహాయం అడిగే అర్హత వస్తుంది? నిర్వచనం పైకి శాస్త్రీయంగా కనిపించినా దాని లోపల ఉన్న ప్రశ్న ఇదే.

2021లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించిన వ్యాసపరంపర ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 2 కోట్ల 30 లక్షల గర్భస్రావాలు జరుగుతున్నాయి. స్త్రీలలో సుమారు 11 శాతం మందికి ఒకసారి, 2 శాతం మందికి రెండుసార్లు, 0.7 శాతం మందికి మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఈ అనుభవం ఎదురవుతున్నది. శాతంగా చూస్తే చిన్నదే అయినా మనుషులుగా చూస్తే ఇది పెద్ద సమూహం. ఈ సమూహం వైద్యుని గుమ్మం ఎక్కినప్పుడు ఏం జరిగిందన్నది వైద్యచరిత్రలో ఆలోచింపజేసే అధ్యాయం.

2. మాటల్లో దాగిన నింద

చికిత్స కన్నా ముందు స్త్రీకి ఎదురయ్యేది మాట. ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల వైద్యగ్రంథాలు ఈ స్థితిని 'హాబిచ్యువల్ అబార్షన్' అని పిలిచాయి. గర్భం పోవడం ఆమెకు అలవాటు అని దాని అర్థం. గర్భాశయ కంఠం నెలలు నిండకముందే తెరుచుకొనే స్థితికి 'ఇన్‌కాంపిటెంట్ సెర్విక్స్' అని పేరు పెట్టారు. అంటే ఆ అవయవానికి చేతకాదని. దానంతట అది పోయిన గర్భానికి, కావాలని తీయించుకొన్న గర్భానికి 'అబార్షన్' అనే ఒకే పదం వాడటం కూడా స్త్రీలను బాధించింది. 1985లో బియర్డ్, మౌబ్రే, పింకర్ అనే ముగ్గురు బ్రిటిష్ వైద్యులు 'లాన్సెట్'కు లేఖ రాసి, దానంతట అది పోయిన గర్భాన్ని 'మిస్‌క్యారేజ్' అనే పిలవాలని కోరారు.

తెలుగు వాడుక ఈ భేదాన్ని నామంతో కాక క్రియతో చూపించింది. 'అబార్షన్ అయింది' అంటే ఒకటి, 'అబార్షన్ చేయించుకున్నది' అంటే మరొకటి. 'కడుపు పోయింది', 'కడుపు తీయించుకున్నది' అనే మాటల మధ్య ఉన్న దూరం కూడా ఇదే. నామం అరువు తెచ్చుకొన్నదైనా క్రియ న్యాయం చేసింది. అయితే అదే తెలుగులో వాక్యనిర్మాణమే నిందగా మారే సందర్భం కూడా ఉన్నది. 'ఆమెకు కడుపు నిలవడం లేదు' అన్నప్పుడు కడుపు కర్త, ఆమె కేవలం అనుభవించేది. 'ఆమె కడుపు నిలుపుకోలేకపోయింది' అన్నప్పుడు ఆమే కర్త, కాబట్టి ఆమే దోషి. వంధ్య, మృతవత్స, గొడ్రాలు వంటి పదాలు మరొక అడుగు ముందుకు వేసి జరిగినదానిని ఆమె పేరుగా మార్చివేశాయి.

3. ప్రాచీన వైద్యగ్రంథాల దృష్టి

సుశ్రుతసంహిత నిదానస్థానం నాలుగో నెల వరకు జరిగే గర్భచ్యుతిని 'స్రావం' అని, శరీరం గట్టిపడిన తరువాత ఐదు, ఆరు నెలల్లో జరిగేదానిని 'పాతం' అని వేరుచేసింది. పురుగు, గాలి, దెబ్బ వల్ల పండు అకాలంలో రాలినట్లే గర్భం కూడా చ్యుతమవుతుందని పోల్చింది. పండు రాలితే చెట్టును ఎవరూ తప్పుపట్టరు. ఆ ఉపమానంలో ఒక శాస్త్రదృష్టి, దానితోపాటు ఒక దయ కూడా ఉన్నాయి. శారీరస్థానం పదో అధ్యాయం గర్భం చలించే లక్షణాలు కనిపించినప్పుడు నెలనెలకూ వాడవలసిన ద్రవ్యాలను వేరువేరుగా చెప్పింది. చరకసంహిత చికిత్సాస్థానం ముప్పయ్యో అధ్యాయం పేర్కొన్న యోనివ్యాపత్తులలో 'పుత్రఘ్ని' ఒకటి. ఏర్పడిన గర్భం మళ్లీమళ్లీ నశించడం దాని లక్షణం. వరుస గర్భస్రావాన్ని ఒక ప్రత్యేక స్థితిగా గుర్తించిన దాఖలా ఇది. అయితే పేరులోనే స్త్రీ హంతకి అయింది.

ఇదే సంప్రదాయంలో రెండు భిన్న ధోరణులు కనిపిస్తాయి. కాశ్యపసంహితలోని రేవతీకల్పం జాతహారిణి అనే శక్తి గర్భాలను, శిశువులను హరిస్తుందని చెబుతూ, ధర్మం తప్పిన స్త్రీనే అది ఆవహిస్తుందని అంటుంది. ఇక్కడ నష్టం శిక్షగా మారింది. మరోవైపు చరకసంహిత సూత్రస్థానం ఇరవై అయిదో అధ్యాయంలో, ఏ పనికి ఏది శ్రేష్ఠమో చెప్పే జాబితాలో, గర్భాన్ని నిలిపేవాటిలో సౌమనస్యం అగ్రగణ్యమని ఉన్నది. సౌమనస్యమంటే మనసు ప్రసన్నంగా ఉండటం. గర్భిణి మనసును కాపాడటం చుట్టూ ఉన్నవారి బాధ్యత అనే సూచనగా దీనిని గ్రహించవచ్చు. అదే సూత్రాన్ని తలకిందులు చేస్తే, ఆమె దుఃఖించినందువల్లనే గర్భం పోయిందనే ఆరోపణగానూ మార్చవచ్చు. ఈ రెండంచుల స్వభావం ఆధునిక కాలంలోనూ తిరిగి ఎదురవుతుంది.

4. 1938: ఒక అంకె, ఒక మాత్ర

ఆధునిక చరిత్రలో 1938 కీలకమైన సంవత్సరం. ఆ ఏడు ఇంగ్లండులో రెండు వేరువేరు సంఘటనలు జరిగాయి. వాటి మధ్య అప్పటికి సంబంధం లేదు. తరువాతి ముప్పయ్యేళ్లలో అవి రెండూ కలిసి వేలాది స్త్రీల జీవితాలను ప్రభావితం చేశాయి.

మొదటిది ఒక అంకె. పెర్సీ మాల్పాస్ అనే ప్రసూతివైద్యుడు గర్భస్రావాల వరుసలపై ఒక వ్యాసం ప్రచురించాడు. వరుసగా మూడు గర్భాలు పోయిన స్త్రీకి నాలుగోది పోయే అవకాశం 73 శాతమని అందులో లెక్కకట్టాడు. ఇది స్త్రీలను పరిశీలించి రాబట్టిన అంకె కాదు, కాగితం మీద కట్టిన లెక్క. దాని నిర్మాణం సులభమైనది. గర్భాలలో 18 శాతం స్రావమవుతాయని, అందులో 17 శాతం యాదృచ్ఛికమని, మిగిలిన 1 శాతం ప్రతిసారీ తిరిగివచ్చే శాశ్వత కారణం వల్లనని ఆయన భావించాడు. ఈ లెక్కన 1000 మంది స్త్రీలలో శాశ్వత కారణం ఉన్నవారు 10 మంది. కేవలం యాదృచ్ఛికంగా మూడుసార్లు నష్టపోయేవారు సుమారు 5 మంది. మూడు గర్భాలు పోయిన ఈ 15 మందిలో మొదటి 10 మందికి నాలుగోసారి కూడా నష్టం తప్పదు, మిగిలిన అయిదుగురిలో ఒకరికి జరగవచ్చు. 15లో 11 అంటే 73 శాతం. లెక్కలో తప్పు లేదు. తప్పంతా మొదటి ఊహలో ఉన్నది. ప్రతిసారీ తప్పనిసరిగా గర్భాన్ని పోగొట్టే శాశ్వత కారణం నూటికి ఒకరిలో ఉన్నదనడానికి ఆధారం లేదు. 1946లో అమెరికాలో ఈస్ట్‌మన్ ఇదే పద్ధతిలో లెక్కించి ఆ అవకాశాన్ని 83.6 శాతానికి పెంచాడు. పాఠ్యగ్రంథాలు ఈ అంకెలను స్వీకరించాయి.

రెండోది ఒక మాత్ర. అదే 1938లో లండన్‌లో చార్ల్స్ డాడ్స్, ఆక్స్‌ఫర్డ్ రసాయన శాస్త్రజ్ఞులతో కలిసి, డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను తయారుచేసి ప్రకటించాడు. అది చవకైనది, నోటితో తీసుకోదగినది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆలివ్ స్మిత్, జార్జ్ స్మిత్ దంపతులు ఈ మందు మాయను ప్రేరేపించి గర్భాన్ని నిలిపే హార్మోన్లను పెంచుతుందని భావించారు. 1948లో వారు వెలువరించిన ఫలితాలు వైద్యలోకాన్ని ఆకర్షించాయి. రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలలు పెరిగేకొద్దీ 125 మిల్లీగ్రాముల దాకా పెంచే వారి పద్ధతి విస్తృతంగా వ్యాపించింది. ఆ ఫలితాలలో మందు తీసుకోని స్త్రీల సమూహంతో సరైన పోలిక లేదు.

అంకె, మాత్ర ఇక్కడ కలిశాయి. చికిత్స లేకపోతే మూడుసార్లు నష్టపోయినవారిలో నూటికి 27 మందికే బిడ్డ దక్కుతుందని మాల్పాస్ లెక్క చెబుతున్నది. మందు వాడినవారిలో నూటికి 70 మందికి బిడ్డ దక్కితే, ఆ తేడా అంతా మందు గొప్పతనమే అని ఎవరైనా నమ్ముతారు. మందు లేకున్నా సుమారుగా అంతమందికి బిడ్డ దక్కి ఉండేదన్న సంగతి అప్పటికి తెలియదు. స్త్రీ శరీరానికి సహజంగా ఉన్న శక్తిని అంకె తక్కువ చేసి చూపింది, మిగిలిన ఘనతను మాత్ర సొంతం చేసుకొన్నది. విటమిన్లు, థైరాయిడ్ సారాలు, నెలల తరబడి మంచం దిగని విశ్రాంతి వంటి అనేక చికిత్సలు ఇదే నీడలో ప్రాచుర్యం పొందాయి.

1953లో చికాగోలో డీక్‌మన్ బృందం 1646 మంది గర్భిణులపై జరిపిన పరీక్ష ఫలితాలను ప్రకటించింది. 840 మందికి మందు, 806 మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర ఇచ్చారు. గర్భస్రావాన్ని ఆపడంలో మందు వల్ల ప్రయోజనం కనిపించలేదు. అయినా మందు వాడకం ఆగలేదు. 1971 ఏప్రిల్‌లో హెర్బ్‌స్ట్, ఉల్ఫెల్డర్, పోస్కాంజర్ అనే ముగ్గురు బోస్టన్ పరిశోధకులు అరుదైన యోని క్యాన్సర్ సోకిన 8 మంది యువతుల వివరాలు ప్రకటించారు. వారిలో ఏడుగురి తల్లులు గర్భవతులుగా ఉన్నప్పుడు ఈ మందు తీసుకొన్నవారే. ఆ సంవత్సరాంతంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులకు ఈ మందు ఇవ్వరాదని హెచ్చరించింది. పనిచేయదని తేలిన తరువాత పద్దెనిమిదేళ్లు అది ఎందుకు కొనసాగింది? వ్యాపారం ఒక కారణం కావచ్చు. దానికన్నా లోతైన కారణం మరొకటి ఉన్నది. ఏదో ఒకటి చేయమని ప్రాధేయపడే స్త్రీ ముందు 'ఏమీ చేయనవసరం లేదు' అనే మాటను ఎలా చెప్పాలో వైద్యునికి తెలియదు. అలా చెప్పడానికి అవసరమైన సరైన అంకె కూడా అతని దగ్గర లేదు.

5. బొంబాయి కుట్టు, మద్రాసు పత్రిక

ఇదే కాలంలో భారతదేశంలో దీనికి భిన్నమైన ఒక ఆలోచన రూపుదిద్దుకొన్నది. గోవాకు చెందిన విఠల్ నాగేశ్ శిరోద్కర్ (1899–1971) బొంబాయి గ్రాంట్ వైద్యకళాశాలలో ప్రసూతిశాస్త్ర ఆచార్యుడు. వరుసగా గర్భం పోయే స్త్రీలందరూ ఒకే రకం కాదని, వారిలో నాలుగో నెల దాటాక నష్టపోయేవారు వేరని ఆయన గుర్తించాడు. వారికి విశ్రాంతి గానీ హార్మోన్లు గానీ పనిచేయడం లేదు. గర్భాశయ కంఠం బలహీనపడి, నొప్పులు లేకుండానే తెరుచుకోవడం అసలు కారణమని ఆయన నిర్ధారణ. గర్భిణి తొడలోని దృఢమైన పొర నుండి ఒక పట్టీని తీసి, దానితో గర్భాశయ కంఠాన్ని లోపలి ద్వారం ఎత్తున చుట్టి బిగించే శస్త్రచికిత్సను రూపొందించాడు.

ఆయన తన పద్ధతిని 1955లో ప్రకటించినది లండన్ పత్రికలో కాదు, ఉడుపి రామారావు మద్రాసులో స్థాపించిన 'ది యాంటిసెప్టిక్' అనే వైద్యపత్రికలో. తెలుగు జిల్లాలతో విద్య, వైద్యం, అచ్చు రంగాలలో గాఢమైన అనుబంధం ఉన్న మద్రాసు నుండి వెలువడిన ఆ పత్రిక ద్వారానే శిరోద్కర్ పద్ధతి మొదట వైద్యలోకానికి తెలిసింది. రెండేళ్ల తరువాత, 1957లో, మెల్‌బోర్న్‌కు చెందిన ఇయాన్ మెక్‌డొనాల్డ్ మరింత సులభమైన కుట్టును వివరించాడు. నేడు 'గర్భసంచికి కుట్టు వేశారు' అని తెలుగునాట వినిపించే మాట వెనుక ఉన్న చరిత్ర ఇది.

శిరోద్కర్ ఆలోచనలోని విలువ శస్త్రచికిత్స నైపుణ్యానికి మాత్రమే పరిమితం కాదు. మందు అందరికీ ఇచ్చే చోట, ఆయన ఎవరికి ఏ నెలలో ఎలా నష్టం జరిగిందని అడిగాడు. అంటే స్త్రీ చెప్పిన కథను రోగనిర్ధారణకు ఆధారం చేసుకొన్నాడు. అయితే ఈ పద్ధతి కూడా పరీక్ష లేకుండానే వ్యాపించింది, అవసరం లేనివారికి కూడా వాడారు. 1993లో ఫలితాలు వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో 12 దేశాలకు చెందిన 1292 మంది పాల్గొన్నారు. కుట్టు అవసరమా కాదా అని వైద్యులే నిశ్చయించుకోలేని గర్భిణులు వీరు. 33 వారాలకు ముందే ప్రసవించినవారు కుట్టు వేసినవారిలో 13 శాతం, వేయనివారిలో 17 శాతం. సుమారు 25 మందికి కుట్టు వేస్తే ఒకరికి మేలు. నెలలు నిండని ప్రసవాలు, నడిగర్భపు నష్టాలు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు జరిగినవారిలోనే మేలు స్పష్టంగా కనిపించింది. ఎవరికి అవసరమో వారికే చేయాలన్న శిరోద్కర్ తొలి విచక్షణను ఈ ఫలితం సమర్థించింది.

6. అంకె సవరణ, పునరావృతమైన పొరపాటు

మాల్పాస్ అంకెను సవరించినవారు జన్యుశాస్త్రజ్ఞులు. 1964లో మాంట్రియల్‌కు చెందిన డొరొతీ వార్‌బర్టన్, క్లార్క్ ఫ్రేజర్ కుటుంబాల ప్రసవచరిత్రలను సేకరించి పరిశీలించారు. ఒక గర్భం పోయిన తరువాత మరొకటి పోయే అవకాశం సుమారు 25 నుండి 30 శాతం మధ్య ఉంటుందని, అంతకుముందు పోయిన గర్భాల సంఖ్య పెరిగినా అది పెద్దగా పెరగదని వారు చూపారు. వారు పరిశీలించిన కుటుంబాలలో కనీసం ఒక బిడ్డ బతికి ఉన్నందున ఈ ఫలితాన్ని అందరికీ యథాతథంగా వర్తింపజేయలేము. అయినా కాగితపు లెక్క స్థానంలో మనుషుల చరిత్ర వచ్చింది. 1975లో పారిస్‌కు చెందిన జొయెల్ బుయే, ఆంద్రే బుయే సుమారు 1500 గర్భస్రావ నమూనాలను పరీక్షించి, వాటిలో 60 శాతానికి పైగా పిండంలో క్రోమోజోముల లోపం ఉన్నదని వెల్లడించారు. బరువు ఎత్తినందువల్ల, మెట్లు ఎక్కినందువల్ల, దిగులు పడినందువల్ల గర్భం పోయిందన్న నిందలకు ఇంతకన్నా గట్టి సమాధానం లేదు.

సరైన అంకె దొరికాక కూడా పాత పొరపాటు కొత్త రూపంలో వచ్చింది. తల్లి శరీరం పిండాన్ని పరాయిదిగా భావించి తిరస్కరిస్తున్నదనే సిద్ధాంతం ఆధారంగా, భర్త రక్తంలోని తెల్లకణాలను భార్యకు ఎక్కించే చికిత్స 1980లలో వచ్చింది. 1985లో మౌబ్రే బృందం ప్రకటించిన పరీక్షలో భర్త కణాలు పొందినవారిలో 77 శాతం, తమ కణాలనే తిరిగి పొందినవారిలో 37 శాతం సఫలమయ్యారు. పరిశీలించినవారు 49 మంది మాత్రమే. 1999లో కారొల్ ఓబర్ బృందం 171 మందిపై జరిపిన పెద్ద పరీక్షలో ఫలితం తలకిందులైంది. చికిత్స పొందినవారిలో 36 శాతం, పొందనివారిలో 48 శాతం సఫలమయ్యారు. మాటను సంస్కరించాలని లేఖ రాసిన ముగ్గురిలో మౌబ్రే ఒకరన్నది ఇక్కడ గమనార్హం. సానుభూతి ఉన్న వైద్యుడు కూడా చిన్న సంఖ్యల చేత మోసపోగలడు.

అన్ని చికిత్సలూ వ్యర్థమని దీని అర్థం కాదు. రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచే యాంటిఫాస్ఫోలిపిడ్ ప్రతిదేహాలు ఉన్న 90 మంది స్త్రీలపై లండన్‌లో రాయ్ బృందం 1997లో ప్రకటించిన పరీక్షలో, ఆస్పిరిన్ ఒక్కటే తీసుకొన్నవారిలో 42 శాతం, ఆస్పిరిన్‌తో హెపారిన్ కూడా పొందినవారిలో 71 శాతం సజీవ శిశువులను కన్నారు. కారణం తెలిసినచోట చికిత్స ఫలించింది. కారణం తెలియని వరుస గర్భస్రావాలలో ప్రొజెస్టరాన్ వాడకంపై 836 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మందు పొందినవారిలో 65.8 శాతం, ఉత్తి మందు పొందినవారిలో 63.3 శాతం మందికి బిడ్డలు కలిగారు. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. గర్భం తొలిదశలో రక్తస్రావం అయిన 4153 మందిపై 2019లో వచ్చిన మరో పరీక్షలో మొత్తం మీద స్పష్టమైన మేలు తేలకపోయినా, అంతకుముందు మూడు లేదా అంతకన్నా ఎక్కువ గర్భాలు పోయినవారిలో మాత్రం 57 శాతం 72 శాతానికి పెరిగింది.

ఈ ఫలితాలన్నింటిలో అతి ముఖ్యమైనది మందుకు సంబంధించినది కాదు. 2015 పరీక్షలో ఏ మందూ అందని స్త్రీలలో 63 శాతం మందికి బిడ్డ కలగడమే ఆ ముఖ్యాంశం. 1938 నాటి అంకె 27 శాతమే ఆశ మిగిల్చింది. వయసు, గత నష్టాలను బట్టి ఈ 63 శాతం ఒక్కొక్కరికి మారుతుంది. అయినా రెండు అంకెల మధ్య ఉన్న దూరం స్త్రీకి చెప్పని ఆశ ఎంతో కొలిచి చూపిస్తుంది.

7. ఆదరణ: లెక్కలోకి రాని చికిత్స

మాత్రలు, కుట్లు, సూదుల చరిత్రకు సమాంతరంగా మరొక చరిత్ర నడిచింది. 1950లలో న్యూయార్క్‌కు చెందిన కార్ల్ జావెర్ట్ వరుస గర్భస్రావాలతో వచ్చిన స్త్రీలకు ధైర్యం చెప్పడం, తరచుగా చూడటం, మాట్లాడటం చికిత్సలో భాగమని వాదించాడు. 1984లో నార్వే రాజధాని ఓస్లోకు చెందిన స్ట్రే-పెడర్సన్ దంపతులు 195 జంటలపై పరిశీలనను ప్రకటించారు. ఏ కారణమూ కనిపించని స్త్రీలలో 37 మందిని వారంవారం పరీక్షించి, మానసికంగా అండగా నిలిచి, విశ్రాంతి సూచించారు. వారిలో 86 శాతం మంది సఫలమయ్యారు. అటువంటి ప్రత్యేక శ్రద్ధ అందని 24 మందిలో 33 శాతం మందే సఫలమయ్యారు. 1991లో న్యూజిలాండ్ నుండి వచ్చిన పరిశీలనలో ఈ రకమైన ఆదరణ పొందిన 44 మందిలో 38 మందికి గర్భం నిలిచింది. 1997లో లండన్‌కు చెందిన క్లిఫర్డ్, రాయ్, రీగన్ తమ తొలిగర్భ చికిత్సాలయానికి క్రమంగా వచ్చిన 160 మందిలో 26 శాతం, రాని 41 మందిలో 51 శాతం గర్భాలు పోయాయని తెలిపారు.

ఈ అంకెలు ఆకర్షణీయమైనవి. అందువల్లనే జాగ్రత్త అవసరం. ఈ పరిశీలనల్లో స్త్రీలను చీటీ వేసినట్లు రెండు సమూహాలుగా విభజించలేదు. ఓస్లోలో శ్రద్ధ అందనివారు నగరానికి దూరంగా ఉండేవారు. లండన్‌లో చికిత్సాలయానికి రాలేకపోయినవారిలో కొందరికి రాకముందే గర్భం పోయి ఉండవచ్చు. స్మిత్ దంపతుల ఫలితాలను సరైన పోలిక లేదని ప్రశ్నించినవారు ఆదరణ ఫలితాలను కూడా అదే కొలతతో కొలవాలి. ఆదరణ గర్భస్రావాన్ని ఆపుతుందని నిర్ధారించడానికి ఇవి చాలవు.

ఇది సాంకేతికమైన అభ్యంతరంగా కనిపించవచ్చు గానీ దీని వెనుక ఒక నైతిక ప్రశ్న ఉన్నది. ప్రశాంతంగా ఉంటే గర్భం నిలుస్తుందని చెబితే, గర్భం పోయినప్పుడు ఆమె ప్రశాంతంగా లేదనే అర్థం వస్తుంది. చరకుని సౌమనస్యం లాగే ఈ మాటకూ రెండంచులు ఉన్నాయి. ఆదరణను ఫలితమిచ్చే మందుగా సమర్థిస్తే అది మళ్లీ స్త్రీ నెత్తి మీద బాధ్యతగా పడుతుంది. ఫలితంతో నిమిత్తం లేకుండా, దుఃఖంలో ఉన్న మనిషికి అందవలసిన హక్కుగా సమర్థించినప్పుడే అది నిజమైన ఆదరణ అవుతుంది.

ఈ దృష్టిని వైద్యుల కన్నా ముందు స్త్రీలే ప్రకటించారు. 1982లో బ్రిటన్‌లో గర్భస్రావ అనుభవం ఉన్నవారికి అండగా మిస్‌క్యారేజ్ అసోసియేషన్ ఏర్పడింది. 1984లో సామాజిక శాస్త్రవేత్త ఆన్ ఓక్లీ, ఆన్ మెక్‌ఫర్సన్, హెలెన్ రాబర్ట్స్ కలిసి గర్భస్రావంపై స్త్రీల అనుభవాలను కేంద్రంగా చేసుకొని ఒక గ్రంథం వెలువరించారు. ఎందుకు జరిగిందో చెప్పమని, జరిగినదానిని నష్టంగా గుర్తించమని, తరువాతి గర్భంలో మొదటినుంచీ చూడమని కోరడం ఈ ఉద్యమపు సారం.

8. తెలుగునాట ఆదరణ రూపాలు

తెలుగు సమాజంలో నష్టాన్ని పంచుకొనే పద్ధతులు లేకపోలేదు. వరుసగా బిడ్డలు దక్కని తల్లికి తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీదనో ఎంగిలి విస్తళ్లలోనో పొర్లించి, పెంటయ్య, కుప్పయ్య, పుల్లయ్య అని పేరు పెట్టడం చాలా కులాల్లో ఉన్న ఆచారం. విలువలేనిదని నటిస్తే మృత్యువు కన్ను పడదన్నది ఆ నమ్మకం. నేడు హాస్యంగా వినిపించే ఈ పేర్లు ఒకప్పటి తల్లుల భయానికి మిగిలిన లిఖితసాక్ష్యాలు. అయితే ఈ ఆచారం పుట్టి బతికిన బిడ్డకే పరిమితం. పుట్టకముందే పోయిన గర్భానికి పేరు లేదు, కర్మ లేదు, పరామర్శ లేదు. 'మళ్లీ నిలుస్తుందిలే' అనే ఓదార్పులో మంచి మనసు ఉన్నా, పోయినదాని గురించి మాట్లాడే అవకాశం లేదు. నాగప్రతిష్ఠలు, సంతానగోపాల వ్రతాలు రాబోయే బిడ్డ కోసం చేసేవే.

చట్టం ఈ విషయంలో సమాజం కన్నా ఒక అడుగు ముందున్నది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం తొమ్మిదో సెక్షన్ గర్భస్రావం జరిగిన ఉద్యోగినికి ఆరు వారాల వేతనంతో కూడిన సెలవు హక్కుగా ఇచ్చింది. గర్భస్రావం వల్ల అనారోగ్యం కలిగితే మరొక నెల వరకు పొడిగింపు ఉండేది. అయితే ఇందుకు రుజువు చూపవలసి వచ్చేది. రుజువు చూపడమంటే కార్యాలయంలో విషయం చెప్పడం. చెప్పుకోలేని దుఃఖానికి ఇచ్చిన హక్కు ఎందరికి ఉపయోగపడుతుంది? పైగా ఈ చట్టం సంస్థలలో పనిచేసేవారికే వర్తించేది. వరినాట్లు వేసే కూలీకి, ఇళ్లలో పనిచేసే స్త్రీకి రక్తస్రావం ఆగిన మర్నాడే పని మొదలవుతుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• వరుస గర్భస్రావాల వైద్యచరిత్రలో పెద్ద పొరపాటు మందుల కొరత కాదు, ఆశను తప్పుగా లెక్కించడం. 1938 నాటి 73 శాతం అనే అంకె పనిచేయని చికిత్సలకు విజయాన్ని ఆపాదించింది.

• కారణాన్ని విడదీసి చూసినచోట, అంటే శిరోద్కర్ గుర్తించిన గర్భాశయ కంఠ బలహీనతలోనూ యాంటిఫాస్ఫోలిపిడ్ స్థితిలోనూ, వైద్యం నిజమైన మేలు చేసింది. విచక్షణ లేకుండా అందరికీ వాడినచోట అదే వైద్యం విలువ కోల్పోయింది లేదా హాని చేసింది.

• స్త్రీని నిందించే ధోరణి జాతహారిణి కథలోనూ, 'అలవాటు' అనే వైద్యపదంలోనూ, 'నిలుపుకోలేకపోయింది' అనే తెలుగు వాక్యంలోనూ ఒకే రకంగా కనిపిస్తుంది. సుశ్రుతుని రాలిన పండు ఉపమానం, ఆధునిక క్రోమోజోమ్ పరిశోధన ఆ నిందను రెండు వైపుల నుండీ ఖండిస్తాయి.

• ఆదరణ విలువను గర్భం నిలవడంతో కొలవకూడదు. గర్భం నిలిచిన స్త్రీకి ఎంత అవసరమో, మళ్లీ పోయిన స్త్రీకి అంతకన్నా ఎక్కువ అవసరం.

నాలుగోసారి గర్భం దాల్చి వైద్యుని ముందు కూర్చొన్న స్త్రీకి నేడు చెప్పగలిగిన సత్యం చిన్నదే. చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి, కారణం దొరకకపోవచ్చు, దొరకకపోయినా బిడ్డ దక్కే అవకాశమే ఎక్కువ, ఏం జరిగినా అది ఆమె తప్పు కాదు. ఈ నాలుగు మాటలు చెప్పగలిగే స్థితికి రావడానికి వైద్యశాస్త్రానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది. వాటిని ఆమె భాషలో, ఆమెను కర్తగా కాక మనిషిగా చూసే వాక్యంలో చెప్పవలసిన పని ఇంకా మిగిలి ఉన్నది.